ఊ వచ్చాకే తర్వాతి నంబరు

బుధవారం రాత్రి పక్క గదిలోంచి కోడలు అనూష గొంతు గట్టిగా వినిపించింది. "రేపట్నుంచి పాలు బంద్. ఎవరు ఏడ్చినా సరే."

నిజానికి ఆ అమ్మాయి అన్నది "రేపట్నుంచి పాపకి రాత్రిపూట పాలు బంద్" అని. మధ్యలో మాటల్ని హాల్లో ఫ్యాను నమిలి మింగేసింది. బుచ్చిబాబు యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ముప్ఫై మూడేళ్ళు చేసి రిటైరైన మనిషి. ఉత్తర్వు అందితే అమలు చెయ్యడమే తప్ప ఆరా తియ్యడం ఆయన సర్వీసులో లేదు. అప్పటికప్పుడు పాలపాకెట్ల సమ్మయ్యకి ఫోన్ కొట్టాడు.

"రేపట్నుంచి మా ఇంటికి పాలు వెయ్యకు."

"ఎందుకు సార్? పాకెట్ల ఏమన్న గడ్‌బడ్ అయిందా?"

"పై నుంచి ఆర్డరు" అని పెట్టేశాడు.

గురువారం పొద్దున్న ఆరు గంటలకి శ్యామలాంబ వీధి తలుపు తీసి, గొళ్ళేనికి తగిలించిన సంచీలో చెయ్యి పెట్టింది. చెయ్యి ఖాళీగా వచ్చింది. సంచీ తిరగేసి దులిపింది. ఫిల్టరులో డికాక్షన్ దిగి ఆవిరి కక్కుతోంది. మొగుడి వంక చూసింది.

"సమ్మయ్యని మీరు మానిపించారా?"

"నేనెవర్ని మానిపించడానికి? నీ కోడలు మానిపించింది. రాత్రి విన్నాను కదా."

అనూష పాపని చంకనేసుకుని గదిలోంచి వచ్చింది. జుట్టు ఒక పక్కకి ఊడిపోయి ఉంది. జరిగింది విని ఒక్క క్షణం అర్థం కానట్టు నిలబడింది.

"నేను మానిపించాలనుకున్నది దీన్ని మామయ్యా" అని చంకలో పిల్లని చూపించింది.

కొడుకు రఘువీర్ సోఫాలో పడుకున్నవాడు పడుకున్నట్టే పగలబడి నవ్వాడు. శ్యామలాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చంకలో ఉన్న హరిచందన కూడా, అందరూ నవ్వుతున్నారు కదాని, నాలుగు పై పళ్ళూ బయటపెట్టింది. నవ్వనిది అనూష ఒక్కతే. నవ్వడానికి కూడా కాస్త నిద్ర కావాలి.

హరిచందనకి పందొమ్మిది నెలలు. పగలు పప్పన్నం, పెరుగన్నం, అరటిపండు, తాతయ్య పేపరు అంచులు, అన్నీ తింటుంది. రాత్రి తొమ్మిదికి తల్లి రొమ్ము దగ్గర నిద్రపోతుంది. పదకొండుకి లేస్తుంది. ఒంటిగంటకి లేస్తుంది. రెండున్నరకీ, నాలుగుకీ కూడా లేచి "పాయి" అంటుంది. ఆకలి కాదు, నోట్లో పాలు లేనిదే కన్ను మూయడం ఎలాగో ఆ పిల్లకి తెలియదు. పుట్టిన దగ్గర్నుంచి అనూష వరసగా మూడు గంటలు నిద్రపోయిన రాత్రి ఒక్కటీ లేదు.

సోమవారం పదకొండు గంటలకి ఆ అమ్మాయి సెమినారు. జొన్న వేళ్ళ మీద ఆరేళ్ళుగా చేస్తున్న పరిశోధన. థీసిస్ ఇచ్చే ముందు డిపార్టుమెంటు మొత్తం ఎదుట నిలబడి చెప్పాలి. రెండుసార్లు వాయిదా వేయించుకుంది. ఈసారి కూడా తప్పితే ఇక తనని అడగొద్దని గైడు చెప్పేసింది. మొన్న మంగళవారం ల్యాబులో మైక్రోస్కోపు మీదే నిద్రపోయి కంటి చుట్టూ గుండ్రటి మచ్చతో ఇంటికొచ్చింది. "డాక్టరేట్ కాదమ్మా నీది, డాక్టర్ లేట్" అని బుచ్చిబాబు జోకు వేశాడు. మచ్చ మర్నాటికి పోయింది, జోకే ఇంకా పోలేదు.

ఆయన మాటలు విరవకుండా బతకలేడు. తాముండే తార్నాక అంటే తారలూ నాకమూ కలిసిన చోటనీ, నక్షత్రాలూ స్వర్గమూ రెండూ ఉన్నా నిద్ర ఒక్కటే లేదనీ అంటాడు. పడక గది అంటే నిద్ర పడక దొర్లే గది అంటాడు. ఇంట్లో ఎవరూ నవ్వకపోతే తనే నవ్వుకుంటాడు.

"రాత్రి నువ్వు చూస్తానన్నావు కదరా. ఎంతసేపు చూశావు?" అని కొడుకుని అడిగాడు.

"ఆరు నిమిషాలు నాన్నా. అది నన్ను చూసి ఏడిచింది. దాన్ని చూసి నేను ఏడిచాను. తీసుకెళ్ళి అనూకి ఇచ్చేశా."

బుచ్చిబాబు పాల్లేని కాఫీ ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, తన అరిగిపోయిన రికార్డు పెట్టాడు. "ఏమిటో ఈ కాలం పిల్లలు. మా రఘుగాడు మూడో నెలనుంచీ రాత్రంతా నిద్రపోయేవాడు. కిక్కురుమనేవాడు కాదు. పాలు తాగడం, పడుకోవడం, తెల్లారి లేవడం, అంతే. అంతా అలవాటు చెయ్యడంలో ఉంటుంది."

ఈ మాట ఆయన పెళ్ళిచూపుల్లో చెప్పాడు, సీమంతంలో చెప్పాడు, హరిచందన పుట్టాక కనీసం వారానికోసారి చెబుతున్నాడు. విన్నప్పుడల్లా శ్యామలాంబ ఏదో పని గుర్తొచ్చినట్టు వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఇప్పుడూ వెళ్ళింది. స్టవ్వు మీద ఏమీ లేకపోయినా మసిగుడ్డ తీసి గట్టు తుడవడం మొదలుపెట్టింది.

అనూష పాపని కింద దించింది. అరవలేదు. ఆ అమ్మాయిది ప్రొద్దుటూరు. కోపం వస్తే గొంతు తగ్గుతుంది.

"అయితే మీరే అలవాటు చెయ్యండి మామయ్యా. మీకు తెలిసిన విద్య కదా. ఈ రాత్రి నుంచి పాప మీ దగ్గర పడుకుంటాది. నేను అత్తయ్య దగ్గర పడుకుంటా. సోమవారం దాకా."

ఫ్యాను ఈసారి ఒక్క మాటా మింగలేదు.

సాయంత్రం ఐదింటికి బుచ్చిబాబు మనవరాలిని తోపుడు బండిలో కూర్చోబెట్టి క్యాంపస్‌కి బయల్దేరాడు. రిటైరయ్యాక కూడా ఆయన కాళ్ళు ఆ దారి వదల్లేదు. "రి-టైరు అంటే అరిగిపోయిన టైరుకి మళ్ళీ రబ్బరు పొయ్యడమే" అనేవాడు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద పోటీ పరీక్షల పిల్లలు పుస్తకాలు పరుచుకుని గొణుక్కుంటున్నారు. వాళ్ళని దాటితే చెట్ల కింద ఒక సిమెంటు బెంచీ. దాని మీద ఇన్నయ్య అప్పటికే కూర్చుని ఉన్నాడు.

ఇన్నయ్య, బుచ్చిబాబు ఒకే సెక్షను, ఒకే బల్ల. పరీక్షల రోజుల్లో మార్కుల పట్టికలు సరిచూడడం వాళ్ళ పని. బుచ్చిబాబు మార్కుల జాబితాలోంచి హాల్‌టికెట్ నంబరూ, మార్కూ పైకి చదివేవాడు. ఇన్నయ్య రిజిస్టరులో అదే అంకె ఉందో లేదో చూసి ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టి "ఊ" అనేవాడు. ఊ వచ్చాకే తర్వాతి నంబరు. ఊ రాకపోతే ఆగాల్సిందే, మధ్యాహ్నం భోజనాల గంట మోగినా సరే. తొందరపడి ఒక వరస దాటేస్తే ఎవరి పిల్లాడి మార్కో ఇంకెవరి పిల్లాడికో పడుతుంది. ముప్ఫై మూడేళ్ళలో తమ బల్ల మీద ఒక్క వరసా దాటలేదని ఇద్దరికీ గర్వం.

"ఏంది సాబ్, మొఖం గట్ల పెట్టినవ్? మనుమరాలు తంతున్నదా?" అన్నాడు ఇన్నయ్య.

బుచ్చిబాబు జరిగింది చెప్పాడు. ఇన్నయ్య బెంచీ మీద చరిచి చరిచి నవ్వాడు. "నోరు నీదే, శిక్ష నీదే. మనకేం తెల్సు భయ్, పిల్లల్ని పండవెట్టుడు? నేనైతే నా బిడ్డలు పెరిగినంక చూసిన."

"నాకు తెలుసయ్యా. మా రఘుగాడు మూడో నెలనుంచీ..."

"యాద్ ఉన్నది. వెయ్యిసార్లు చెప్పినవ్."

ఎండ చెట్ల మధ్యనుంచి జారి బండి చక్రాల మీద పడింది. దూరంగా లాలాగూడ వైపు నుంచి రైలు కూత ఒకటి వచ్చి ఆగిపోయింది. ఇద్దరూ పాత రోజుల్లో పడ్డారు. ఏప్రిల్ నెల, కూలరు నీళ్ళ వాసన, జిగురు సీసా, మూత కనిపించకుండా పోయే ఇంకు ప్యాడు, నాలుగింటికి కుర్రాడు తెచ్చే అల్లం చాయ్. మాటల్లో మాటగా బుచ్చిబాబు గొంతు సవరించుకుని పాత రాగం తీశాడు. రాగం కాదు. ఎత్తూ పల్లం లేకుండా, ఒకే గీత మీద నడిచే గొంతు.

"నాలుగు వేల నూట పన్నెండు, యాభై ఎనిమిది."

"ఊ" అన్నాడు ఇన్నయ్య, గాలిలో టిక్కు పెట్టి.

"నాలుగు వేల నూట పదమూడు, నలభై ఒకటి."

"ఊ."

"నాలుగు వేల నూట పధ్నాలుగు, అరవై."

"ఊ" అంది మూడో గొంతు.

ఇద్దరూ బండిలోకి చూశారు. హరిచందన తల వెనక్కి వాల్చి, కళ్ళు సగం మూసి, బొటనవేలితో గౌను అంచు పట్టుకుని ఉంది. "ఊ" అంది మళ్ళీ, తర్వాతి నంబరు ఏదని అడుగుతున్నట్టు. పదకొండో నంబరుకి కళ్ళు పూర్తిగా మూసుకున్నాయి.

ఇన్నయ్య గొంతు తగ్గించాడు. "గదేందిరా. నీ బొంగురు గొంతుకు నిద్ర వొచ్చింది పోరికి."

"సాయంత్రం నిద్ర లెక్కలోకి రాదు. అసలు పరీక్ష రాత్రికి" అన్నాడు బుచ్చిబాబు. కానీ ఇంటికి పోతూ దారిపొడవునా నవ్వుకున్నాడు.

అనూష అన్నీ కాగితం మీద రాసి అద్దానికి అంటించింది. ఎనిమిదింటికి పెరుగన్నం. ఎనిమిదిన్నరకి హాల్లో, దీపం వెలుతుర్లో, పాలు. తర్వాత పళ్ళు తోమడం. అంటే పాలు వేరు, నిద్ర వేరు అని పిల్లకి తెలియాలి. రాత్రి లేస్తే చిన్న స్టీలు గ్లాసులో నీళ్ళు. చివరి వరస కింద రెండు గీతలు గీసింది.

"ఒంటరిగా మాత్రం ఏడవనీయద్దు మామయ్యా. ఏడిస్తే ఎత్తుకోండి. ఎత్తుకున్నాక ఏడిస్తే ఏడవనీండి."

"నా వల్ల కాకపోతే?"

"కాకపోతే నన్ను పిలవండి. ఇస్తాను. కానీ మళ్ళా సోమవారం నేను నిలబడలేను."

తొమ్మిదింటికి గది తలుపు వేశారు. పదీ నలభైకి హరిచందన లేచింది. చీకట్లో చెయ్యి చాపి తల్లి కోసం వెతికింది. చేతికి తాతయ్య మీసం తగిలింది. ఆ తర్వాత వచ్చిన ఏడుపుకి కింద ఫ్లాట్లో లైటు వెలిగింది.

"పాయి! అమ్మ పాయి!"

బుచ్చిబాబు ఎత్తుకున్నాడు. నీళ్ళిచ్చాడు. గ్లాసు ఎగిరి మంచం కిందకి పోయింది. భుజం మీద వేసుకుని కిటికీ దాకా నడిచాడు. పిల్ల వెనక్కి విల్లులా వంగిపోయి, రెండు చేతులతో ఆయన చెవులు పట్టుకుని లాగుతూ ఏడ్చింది. జోకులన్నీ వేశాడు. పందొమ్మిది నెలల పిల్ల, ఇంట్లో మిగతావాళ్ళలాగే, ఒక్కదానికీ నవ్వలేదు. గోడకవతల అనూష మంచం మీద లేచి కూర్చుందని ఆయనకి తెలుస్తూనే ఉంది. గాజుల చప్పుడు ఒకసారి, ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఒకసారి. పాలు చేరి రొమ్ములు రాళ్ళయి, బాత్‌రూములో గ్లాసులోకి పిండి పారబోసిందని మర్నాడు శ్యామలాంబ చెబితే తెలిసింది. కానీ తలుపు మాత్రం ఆ అమ్మాయి తట్టలేదు.

నలభై నిమిషాలకి ఆయన గొంతు కూడా అయిపోయింది. చెయ్యగలిగింది ఇంకేమీ మిగలక, పిల్లని గుండెలకి ఆనించుకుని మంచం అంచున కూర్చుని మొదలుపెట్టాడు. "నాలుగు వేల నూట పన్నెండు, యాభై ఎనిమిది."

ఏడుపు ఒక మెట్టు దిగింది.

"ఊ" అని తనే అన్నాడు. "నాలుగు వేల నూట పదమూడు, నలభై ఒకటి."

వెక్కు. వెక్కు మధ్యలో చిన్న "ఊ".

నాలుగు వేల నూట అరవై దాకా చదివాడు. ఊ లు దూరం జరిగాయి. ఒక ఊ సగంలో ఆగింది. తర్వాతిది రాలేదు. ఊ రాకపోతే తర్వాతి నంబరు చదవకూడదు కాబట్టి బుచ్చిబాబు ఆగిపోయాడు. ఆ రాత్రి ఇంకా మూడుసార్లు లేచింది. మూడుసార్లూ ముందుకన్నా తక్కువ నంబర్లకే పడుకుంది.

శుక్రవారం పొద్దున ఆయన కళ్ళు రెండు చింతనిప్పులు. సమ్మయ్యకి చెప్పడం మర్చిపోయారు, సంచీ మళ్ళీ ఖాళీ. వియ్యపురాలు కమలమ్మ ప్రొద్దుటూరు నుంచి ఫోన్ చేసింది. స్పీకర్లో ఇల్లంతా వినబడింది.

"ఏందే నువ్వు, యాపాకు నూరి పూసుకుంటే రెండ్రోజుల్లో దెబ్బకి మానుకుంటాది కదే. నీకు నేనట్లే మానిపిచ్చినా."

"నాకు గుర్తుందిమా" అంది అనూష, పాపకి ఇడ్లీ చిదుపుతూ. "ఆ వాసన వస్తే ఇప్పటికీ ముక్కు మూసుకుంటా. దానికి నేను చేదు కాకూడదు. పగలు అడిగితే ఇస్తా. రాత్రి మాత్రం నిద్ర."

"మరి ఎవరు పండుకోబెడతాండారు?"

"మామయ్య."

"ఆ పెద్దాయనా?" అంది కమలమ్మ. "నవ్విస్తాండాడా, నిద్రపుచ్చుతాండాడా?"

శుక్రవారం రాత్రి మూడుసార్లు లేచింది. నీళ్ళు తాగింది, గ్లాసు విసరలేదు. అనూష నాలుగు గంటలు ఏకబిగిన నిద్రపోయింది. లేచి భయపడి పరిగెత్తుకొచ్చి గది తలుపు తీస్తే, తాతా మనవరాలూ మంచానికి అడ్డంగా పడుకుని ఉన్నారు. తలుపు మళ్ళీ దగ్గరగా వేసి, చాలా రోజుల తర్వాత దువ్వెన కోసం వెతుక్కుంది.

శనివారం రాత్రి రెండు గంటలప్పుడు హరిచందన లేచింది. బుచ్చిబాబుకి ఒళ్ళు పులిసిపోయింది. పిల్లని పక్కన వేసుకుని, వీపు మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకునే మొదలుపెట్టాడు. ఎన్ని చదివాడో తెలియదు. తన గొంతు తనకే దూరమైపోయింది. బల్ల, ఎర్ర పెన్సిలు, కూలరు నీళ్ళ వాసన. "నాలుగు వేల నూట ఇరవై ఏడు, ముప్ఫై ఆరు" అన్నాడు. ఊ రాలేదు. "ముప్ఫై ఆరు" అన్నాడు మళ్ళీ. రాలేదు. "ముప్ఫై ఆరు..."

"ఊ" అంది తలుపు దగ్గర్నుంచి ఒక గొంతు.

హాయిగా తర్వాతి నంబరుకి పోయాడు. పోయి, ఉలిక్కిపడి లేచాడు. పిల్ల ఎప్పుడో నిద్రపోయింది. గుమ్మంలో శ్యామలాంబ, చెయ్యి గోడకి ఆనించుకుని, కళ్ళు సగమే తెరిచి నిలబడి ఉంది. నిద్రలో నడిచొచ్చినట్టు.

"నువ్వా?"

"పడుకోండి" అని వెళ్ళిపోయింది.

బుచ్చిబాబుకి మళ్ళీ నిద్ర పట్టలేదు. ఆ ఊ కొత్తది కాదు. ఇన్నయ్యది కాదు, పిల్లది కాదు. ఎక్కడో విన్నాడు. చాలాసార్లు విన్నాడు. ఎక్కడో గుర్తు రావడం లేదు.

ఆదివారం పొద్దున్నే భార్యని క్యాంపస్‌కి రమ్మన్నాడు. "మోకాళ్ళు" అంది. "మెల్లిగా పోదాం" అన్నాడు. పాత స్టాఫు క్వార్టర్ల దాకా నడిచారు. వాళ్ళు పన్నెండేళ్ళు కాపురమున్న ఇంటికి ఇప్పుడు ఎవరో వేరే తాళం వేసుకున్నారు. పసుపు సున్నం పెచ్చులూడి లోపలి పాత నీలం రంగు కనబడుతోంది. వెనకవైపు మేడ మీదకి పోయే మెట్లు అలాగే ఉన్నాయి.

శ్యామలాంబ ఆగి, మూడో మెట్టు మీద కొంగుతో దుమ్ము దులిపి కూర్చుంది. అలవాటైన చోట కూర్చున్నట్టు, తడుముకోకుండా కూర్చుంది.

"ఇక్కడ కూర్చునేదాన్ని" అంది.

"ఎప్పుడు?"

"రఘు పుట్టాక. వాడు రెండున్నరేళ్ళు వచ్చేదాకా రాత్రికి నాలుగైదుసార్లు లేచేవాడు. ఇంట్లో ఉంటే మీకు మెలకువ వస్తుందని ఎత్తుకుని ఇక్కడికొచ్చేదాన్ని. ఇక్కడే పాలిచ్చేదాన్ని. చలికాలం అయితే మీ పాత స్వెట్టరు వేసుకునేదాన్ని."

బుచ్చిబాబు ఆ మెట్టు వంక చూశాడు.

"మూడో నెలనుంచీ..." అన్నాడు.

"మూడో నెలలోనే మీకు పరీక్షల సీజను వచ్చింది. పొద్దున్న నిద్రమొహంతో పోయి ఒక వరస దాటేస్తే ఎవరి పిల్లాడో ఫెయిలవుతాడని మీరే కదండీ గాభరా పడేవారు. అందుకని మీ నిద్ర చెడకూడదనుకున్నాను. తెల్లారి మీరు లేచి, అబ్బ, వీడు ఎంత మంచివాడే, రాత్రంతా కదల్లేదు అనేవారు. ఎంత సంతోషంగా అనేవారో. కాదని ఎలా చెప్పను?"

"మరి ఆ ఊ?"

ఆమె కాస్త నవ్వింది. "మీరు నిద్రలో నంబర్లు చదివేవారు. పైకే, ఈ కిటికీలోంచి ఇక్కడికి వినబడేలా. మధ్యలో ఊ రాకపోతే అక్కడే ఆగిపోయి, అదే నంబరు పదిసార్లు చదివి, ఆఖరికి లేచి కూర్చునేవారు. అందుకని ఒళ్ళో వాడికి పాలిస్తూ మీకు ఊ కొట్టేదాన్ని. మీరు పడుకునేవారు. మీ గొంతు వింటూ వాడూ పడుకునేవాడు. ఇద్దరూ పడుకున్నాక నేను పడుకునేదాన్ని."

పక్క క్వార్టరులో ఎవరో కుక్కరు విజిలు లెక్కపెట్టుకుంటున్నారు. బుచ్చిబాబు రెండో మెట్టు మీద, భార్య కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. చాలాసేపు చెప్పుతో మట్టి మీద గీతలు గీశాడు.

"నాతో ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"మీకు చెప్పకపోయినా పర్లేదు లెండి" అంది శ్యామలాంబ లేస్తూ. "కానీ మీరు ఆ మాట అన్నప్పుడల్లా అనూష తలొంచుకుంటుంది. తనకే చేతకాలేదనుకుంటుంది. మీకు పరీక్షలైతే నేను లేచాను. ఇప్పుడు ఆ పిల్లకి పరీక్ష."

ఆదివారం రాత్రి రఘువీర్ దిండు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఇవాళ నేను పడుకుంటా నాన్నా. మీ రాత్రులు మీరు చేశారు. ఇందులో నాకూ పాలుంది కదా."

తండ్రి పోలిక అని బుచ్చిబాబు మురిసిపోయాడు గానీ పైకి మాత్రం, "గొంతు ఎత్తకు, దించకు. ఊ వచ్చాకే తర్వాతి నంబరు" అని చెప్పి తప్పుకున్నాడు. ఒంటిగంటన్నరకి ఒక ఏడుపు, కాసిని నీళ్ళు, పన్నెండు నంబర్లు. మళ్ళీ పొద్దున ఆరుకి "అమ్మా" అనే పిలుపు. ఆ పిలుపుకి లేచిన అనూష వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టుకుంది. ఏడున్నర. మళ్ళీ లెక్కపెట్టుకుంది. ఏడున్నరే. పాపని ఒళ్ళోకి తీసుకుని, కిటికీలోంచి వచ్చే ఎండలో, తొందరేమీ లేకుండా పాలిచ్చింది.

సెమినారు నడిచింది. డిపార్టుమెంటు హాల్లో చివరి బెంచీలో కూర్చున్న బుచ్చిబాబుకి జొన్న వేళ్ళ గురించి ఒక్క ముక్కా అర్థం కాలేదు. కోడలు ఎక్కడా తడబడలేదని మాత్రం అర్థమైంది. మూడో వరసలో తలనెరిసిన ఆచార్యుడొకాయన మెలికపెట్టి అడిగిన ప్రశ్నకి ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, చిన్నగా నవ్వి, బోర్డు మీద గీసి చూపించింది. ఆగడం, నవ్వడం. రెండింటికీ నిద్ర కావాలి.

సాయంత్రం ఇంట్లో సేమ్యా పాయసం. ఇన్నయ్య వచ్చాడు. కింద ఫ్లాటువాళ్ళని, మూడు రాత్రుల ఏడుపుకి పరిహారంగా, పిలిచారు. సమ్మయ్య నాలుగు లీటర్ల పాకెట్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక్క మాట చెప్పుండ్రి సార్" అన్నాడు. "బుధవారం బంద్ అన్నరు. ఇయ్యాల నాలుగు లీటర్లు అంటున్నరు. నా పాలల్ల ఏం తప్పున్నదో తెల్వక ఐదు దినాలు నాకు నిద్ర పట్టలే."

అందరూ గొల్లుమన్నారు. ఫ్యాను ఏ మాటలు మింగిందో రఘువీర్ వివరంగా చెప్పాడు. ఆపవలసిన పాలు ఏవో, ఆగిన పాలు ఏవో తెలిసి సమ్మయ్య తల బాదుకున్నాడు. కింద ఫ్లాటావిడ పాయసం గ్లాసు పట్టుకుని, శ్యామలాంబతో, "పోనీలెండి, పాప పడుకుంటోంది కదా. మీ అబ్బాయి అయితే మూడో నెలనుంచే పడుకునేవాడట కదండీ, బాబాయిగారు చెప్పారు" అంది.

అనూష తల వంగడం మొదలైంది. శ్యామలాంబ వంటింటి వైపు ఒక అడుగు వేసింది.

"అక్కడే ఉండు" అన్నాడు బుచ్చిబాబు.

ఆయన గొంతు ఎప్పుడూ పెద్దదే. కానీ ఈసారి ఎత్తలేదు. ఒకే గీత మీద, నంబర్లు చదివే గొంతుతో చెప్పాడు.

"అందులో ఒక వరస తప్పు పడింది. ముప్ఫై నాలుగేళ్ళ నుంచీ తప్పే చదువుతున్నాను. రాత్రంతా నిద్రపోయింది మావాడు కాదండీ. నేను. వాడు రెండున్నరేళ్ళు లేచాడు. వాళ్ళమ్మ లేచింది. నా నిద్ర చెడకూడదని వాడిని ఎత్తుకుని క్వార్టర్ల వెనక మెట్ల మీద కూర్చుంది. నాకు నిద్రలో ఊ కొట్టింది. నా మార్కు వాడికి వేశాను, వాళ్ళమ్మ మార్కు నేను వేసుకున్నాను. అనూషా, నీకు తక్కువ మార్కులు వేసింది నేనే తల్లీ. దిద్దుకుంటున్నాను."

సమ్మయ్య చేతిలో పాకెట్ల నుంచి చల్లటి నీటిచుక్కలు గచ్చు మీద పడుతున్నాయి. రఘువీర్ తల్లి వైపు కొత్తగా చూశాడు. అనూష లేచి, అత్తగారి చేతిలోంచి ఖాళీ ట్రే తీసుకుంది.

ఇన్నయ్య వేలితో గాలిలో ఒక టిక్కు పెట్టి, అందరిలాగే శ్యామలాంబ కేసి తిరిగాడు.

బుచ్చిబాబు ఆగిపోయి నిలబడ్డాడు. నియమం నియమమే.

ఆమె కొంగు సర్దుకుంది. మొగుడి మొహం ఒకసారి చూసింది.

"ఊ" అంది.